బడే మాలిక్ హత్య, మల్కిభరాముని రాక

మూసీనదికి దక్షిణమున నున్న రాజేంద్రనగరపు మెరకలమీద నిలిచి ఉత్తరదిక్కునకు జూచినచో, బహుళాంతస్తుల భవనముల సందులనుండి నేటికిని గోలకొండ బాలాహిస్సారు శిఖరము కన్నుల కగపడును. ఆ కొండకును ఈ మెరకకును నడుమనున్న కొద్ది మైళ్ళ నేలలో ఇప్పుడు వ్యవసాయ విశ్వవిద్యాలయపు పైరుపొలములు, 1975లో ఆబూ పర్వతమునుండి తరలివచ్చిన జాతీయ పోలీసు అకాడమీ, షంషాబాదు విమానాశ్రయమునకు పోవు పొడవైన పైవంతెన మున్నగునవి నిండియున్నవి. దేశమునందలి పోలీసు అధికారులు నేరపరిశోధనమును శాస్త్రముగా అభ్యసించునట్టి ఈ తావునకు కూతవేటు దూరమున ననదగిన చోట, నాలుగువందల యెనుబది యేండ్ల క్రిందట ఒక వృద్ధుడు మసీదులో హత్య చేయబడెననియు, హంతకుడెవడో, వానిని పురికొల్పినదెవడో ఊరంతయు నెఱిగియు నోరు మెదపలేదనియు, ఆ నేరముపై విచారణ యనునది ఎన్నడును జరుగలేదనియు తలచుకొన్నప్పుడు ఒకింత విస్మయము కలుగకపోదు. విచారణ జరుగకపోవుటకు కారణము సుబోధమే: విచారణ జరిపింపవలసిన సింహాసనముపైననే నేరస్థుడు కూర్చుండెను.

నాటికి హైదరాబాదు లేదు; చార్మినారు లేదు; మూసీపై వంతెన సహితము లేదు. ఉన్నదెల్ల మహమ్మదునగరమని క్రొత్తపేరు మోయుచున్న ఒక కొండకోట, దాని పాదమునంటియున్న చిన్నపట్టణము, చుట్టును రాతిగుట్టలు, చెఱువులు, జొన్నచేలు. రాజధాని యనిపించుకొన్నను అది యొక యింటిపట్టణమే. అందఱకును అందఱును తెలిసినవారే; అంతఃపురమున ఉదయమున జరిగినది మధ్యాహ్నమునకు కోటవాకిటి కాపరులకు తెలియకుండుట అసంభవము. కనుక ఈ కథలోని రహస్యము హంతకుడెవడన్నది కాదు. ఒక యిల్లు తన నేరమును ఏ విధముగా మోసినది, దేనిని చెప్పినది, దేనిని చెప్పక విడిచినది అన్నదే ఇందలి అసలు రహస్యమని నాకు తోచును.

చెప్పకుండుట అను విద్యను ఆ యింటికి నేర్పినవాడు హతుడైన ఆ వృద్ధుడే. సుల్తాను కులీ పారసీకదేశమున హమదాను ప్రాంతమునకు చెందినవాడు. తమ కరాకొయున్లు వంశము శత్రువులగు ఆక్‌కొయున్లుల చేతిలో నశింపగా, పినతండ్రియగు అల్లాకులీ వెంట సముద్రము దాటి బీదరుకు వచ్చి బహమనీ కొలువున జేరెను. అంతఃపురముపై కుట్రదారులు దాడిచేసిన ఒకరాత్రి సుల్తాను మహమూదుషా ప్రాణములను గాపాడి, ఆ సాహసముచే మన్నన పొంది, కుతుబుల్ముల్కు బిరుదమును, 1495-96 నాటికి తెలంగాణపు పాలనమును సంపాదించెను. బహమనీ రాజ్యము ముక్కలగుచుండగా సాటి సర్దారులు ఒకరి తరువాత నొకరు స్వతంత్రులైరి. ఇతడును అయ్యెను గాని, అయితినని ఎలుగెత్తి చాటినవాడు కాడు. పాఠ్యపుస్తకములు 1518వ సంవత్సరమును గోలకొండ స్వాతంత్ర్యవర్షముగా వ్రాయుట వాడుకయైనది. చిత్రమేమనగా, ఆ సంవత్సరముననే బాలాహిస్సారు ద్వారమునకు చేరువలో ఇతడు కట్టించిన జామీ మసీదు శాసనమున కీర్తింపబడిన ప్రభువు ఇతడు కాడు, నామమాత్రావశిష్టుడైన బహమనీ సుల్తాను మహమూదుషాయే. పాలించునది తాను, పేరు మఱొకరిది. అతని సమాధిపై నున్న లేఖనము సహితము అతనిని షా యనక మాలిక్ అనియే పేర్కొనుచున్నది. జనులు పిలుచుకొన్న బడే మాలిక్ అను పేరును అందు చెక్కబడియున్నది. పెద్దయ్య అని మన పల్లెలలో పిలుచునట్టిదే ఆ పిలుపు.

పెద్దయ్య బ్రదికినంతకాలము కత్తి దింపలేదు. ఓరుగల్లు, ఖమ్మము సీమలను సితాబుఖానుని చేతినుండి లాగుకొనెను. కృష్ణాతీరమున విజయనగర సేనలతో తలపడి ఒకప్పుడు గెలిచి ఒకప్పుడు ఓడెను. తొంబదియేండ్లు దాటినను పీఠము విడువని తండ్రిని చూచుచు నడివయసు మీఱుచున్న కుమారుల మనఃస్థితి యెట్టిదో చరిత్రకారులు వివరింపనక్కఱలేదు. ఆస్తి చేతికిరాక యెదురుచూచు కొడుకులున్న ఏ యింటివారికైనను అది తెలిసినదే. జ్యేష్ఠుడగు హైదరుఖాను తండ్రికంటె ముందే గతించెను. వారసుడని నిర్ణయింపబడినవాడు కుతుబుద్దీను. అతని తరువాతివాడు జంషీదు; పారసీక భాషలో కవిత్వము చెప్పగలవాడు, యుద్ధమున శూరుడు, ఓర్పులేనివాడు. దౌలతుఖానుడను మఱియొక కుమారుడు మతి చలించినవాడని భువనగిరి కోటలో నుంపబడెను. అందఱిలో కడపటివాడు ఇబ్రహీము. అప్పటికి దేవరకొండలో నుండెను.

హిజ్రీ 950వ సంవత్సరము జుమాదా ద్వితీయమాసము 2వ తేదీ సోమవారమని సమాధిలేఖనము చెప్పుచున్నది. క్రీస్తుశకమున అది 1543 సెప్టెంబరు మొదటి దినములగును. ఆనాడు తాను కట్టించిన జామీ మసీదులోనే వృద్ధప్రభువు హతుడయ్యెను. ఎవరి చేత? ఇచ్చట రెండు వాఙ్మూలములు కలవు. గోలకొండ ఆస్థానముననే 1617 ప్రాంతమున రచింపబడిన వంశచరిత్ర, కోటకు అధిపతియైన మీర్ మహమూదు హమదానీ యనువాడు జంషీదు ప్రేరణమున ఈ పని చేసెనని చెప్పుచున్నది. పేరును బట్టి చూడగా హతుని స్వస్థలమునకే చెందినవాడు. స్వదేశీయుడను నమ్మకముతోనే కోట తాళములు అతనికి అప్పగింపబడెనేమో! బీజాపురములో కూర్చుండి దక్కను చరిత్ర వ్రాసిన ఫెరిష్తా మాత్రము హంతకుడు ఒక తురుష్క దాసుడనియు, లంచమిచ్చి పురికొల్పినవాడు జంషీదేయనియు వ్రాసెను.

ఈ రెండు వాఙ్మూలములను న్యాయాధికారి దృష్టితో పరిశీలించుట వినోదకరముగా నుండును. ఇంటిచరిత్ర వ్రాయించిన మహమ్మదు కుతుబుషా ఎవరు? ఇబ్రహీమునకు మనుమడు. జంషీదు సంతతి నాటికి నిశ్శేషమైనది. హత్యవలన తుదకు లాభము పొందిన శాఖవారు, మాటకు మాట చెప్పుటకు ఎవరును మిగులని శాఖపై నేరమారోపించుచు వ్రాయించిన గ్రంథమును కన్నులు మూసికొని నమ్మరాదు. కాని బీజాపురమువారికి ఈ దాయాదుల తగవులో ఏ పక్షమైనను ఒక్కటే; వారి చరిత్రకారుడును జంషీదునే వేలెత్తి చూపుచున్నాడు. కత్తి పట్టిన చేయి యెవరిదన్న విషయమున భేదించిన సాక్షులు, ఆ చేతిని నడపిన బుద్ధి యెవరిదన్న విషయమున ఏకీభవించుచున్నారు. మూడవ సాక్ష్యము జంషీదు నడవడియే. తండ్రి మరణించిన వెంటనే అతడు చేసిన పని వారసుడగు అన్న కుతుబుద్దీను కన్నులు తీయించుట. అంధుడు రాజ్యమునకు అనర్హుడన్నది నాటి మర్యాద. చంపిన పాపము రాకుండ, బ్రదికించిన భయము లేకుండ చేయు క్రూరోపాయమిది. రెండవ పని, దేవరకొండలోనున్న తమ్మునికి రమ్మని కబురంపుట.

ఆ కబురునకు అర్థమేమో ఇబ్రహీమునకు తెలియును. తండ్రి మరణించెను, ఇంటికి రమ్మని అన్న పిలుచుచున్నాడు. లోకమర్యాద ననుసరించి పోవలసినదే. పోయినచో మిగులునవి కన్నులా ప్రాణములా అన్నదే సందేహము. అతడు దారి మార్చి బీదరునకు పరుగెత్తెను. బీదరు ప్రభువగు బరీదు అతనిని ఆదరించినట్లే ఆదరించి, అతనిని ముందిడుకొని గోలకొండపై దండెత్తెను గాని, కొలది కాలములోనే అతని చూపు శరణాగతుని ఏనుగులమీదను ధనముమీదను పడెను. ఇల్లు విడిచినవాని వెంటనున్న సొమ్ము ఆశ్రయమిచ్చినవాని కంటికి అద్దెగా కనబడుట కొత్త విషయము కాదు. ఇబ్రహీము అక్కడనుండియు తప్పించుకొని, సయ్యదుహై, హమీదుఖానుడు, కానాజీ యను బ్రాహ్మణుడు మున్నగు కొద్దిమంది అనుచరులతో తుంగభద్ర దాటి విజయనగరము చేరెను.

అక్కడ సదాశివరాయలు పేరునకు రాజు. రాజ్యము నడపువాడు అళియరామరాయలు. పేరొకరిది, పెత్తనమొకరిది యగు ఈ ఏర్పాటు ఇబ్రహీమునకు చిన్ననాటినుండి పరిచితమైనదే గదా! రామరాయలు శరణార్థికి జాగీరునిచ్చెను. ఆ జాగీరు అంతకుముందు అంబరుఖానుడను హబ్షీ సర్దారు అనుభవించుచుండినది. తన యన్నము మఱొకని విస్తరిలో పడినదన్న కోపముతో అతడు ఇబ్రహీమును పిలిచి నిందించి ద్వంద్వయుద్ధమునకు దిగెను. ఆ కాలపు దక్కనులో కత్తి పట్టి ఇద్దఱు నిలిచి తగవు తీర్చుకొనుట పెద్దమనుష్యుల పద్ధతిగా చెల్లుచుండెను. ఇబ్రహీము అతనిని చంపెను. పగ తీర్చుకొన వచ్చిన అతని తమ్ముడును ఓడెను. పరాయి నగరమున రాజకుమారునకు గౌరవము రక్తసంబంధమువలన గాక కత్తివలన వచ్చినది. అటుపిమ్మట ఏడేండ్లు అచ్చటనే గడచినవి. ఆ యేడేండ్ల విజయనగరవాసము లేకున్నచో, తరువాతి కాలమున తెలుగుకవులు మల్కిభరాముడని పిలిచి కృతులంకితము చేసిన రసికుడు గోలకొండకు దక్కియుండడు. రాయల కొలువున తెలుగు పద్యము సామాన్య వినోదము కాదు, రాజోచితమైన అలంకారము. ఆ సంగతి అతడు వినికిడివలన గాక నివాసమువలన నేర్చెను.

ఇంటిదగ్గఱ జంషీదు ఏడేండ్లు పాలించెను. అసమర్థుడని యనరాదు, సాటి సుల్తానుల తగవులలో మధ్యవర్తిగా నిలిచి పేరొందెను, బరీదును మరల బీదరు పీఠమున నిలిపెను. అయితే బీజాపుర సేనాని అసదుఖానునితో జరిగిన పోరున ముఖముపై తగిలిన కత్తివేటు అతని రూపమును చెఱచి, బ్రదికినంతకాలము అన్నపానములను సహితము బాధాకరము గావించెను. కడపట దీర్ఘరోగము పట్టినది. రోగముతోపాటు చిన్న తప్పులకును పెద్ద శిక్షలు విధించు క్రోధము ముదిరినది. 1550 ఆరంభమున మరణించెను.

కుతుబుషాహీ సమాధుల తోటకు పోయినవారు అతని సమాధిని తేలికగా గుర్తింపవచ్చును. ఇతరములవలె చతురస్రమైనది కాక, ఎనిమిది ముఖములతో రెండంతస్తులుగా లేచినది. లోపలి గోరీ తళతళలాడు నల్లరాతిది కాదు. అన్నింటికంటె ముఖ్యమైనది, దానిపై అక్షరమొక్కటియు లేదు. తండ్రి గోరీపై లేఖనమున్నది, తమ్ముని గోరీపై నున్నది. ఇతనిదియు, ఇతని పసికుమారునిదియు మాత్రము మూగవైనవి. తండ్రి గోరీపైని లేఖనములో షహీదు అను విశేషణము చేరియుండుట ఈ సందర్భమున గమనింపదగినది. ధర్మమార్గమున ప్రాణములర్పించినవాడని దాని భావము. ఎవరు చంపిరో చెప్పకుండ, చంపబడెనని మాత్రము ఒప్పుకొన్న ఆ ఒక్క విశేషణమును మించి, ఈ నేరమును గూర్చి ఆ కుటుంబము శిలపై పలికినది వేఱొండు లేదు.

జంషీదు పిమ్మట అతని కుమారుడు, బాలుడగు సుభాను కులీని పీఠముపై కూర్చుండబెట్టిరి. బాలునకు సంరక్షకుడుగా అహమ్మదునగరమునుండి సైఫుఖానుడు, ఐనుల్ముల్కు బిరుదము గలవాడు, పిలిపింపబడెను. వచ్చినవాడు సంరక్షకత్వముతో తృప్తిపడు స్వభావము కలవాడు కాడని సర్దారులకు త్వరలోనే తెలిసినది. నాయకవాడీల పెద్దయగు జగదేవరావు, భువనగిరిలో నున్న దౌలతుఖానుని రాజును జేయబోయి, పట్టుబడి గోలకొండ కారాగృహమున బడెను. ఈ నాయకవాడీలు కొండకోటలను తరతరములుగా కాపాడుచుండిన తెలుగుభటులు. పారసీకులు, తురుష్కులు, హబ్షీలు, దక్కనీలు పదవులకై పెనగులాడుచుండగా, రాత్రివేళ కోటవాకిళ్ళు మూసి తాళములు బిగించువారు మాత్రము వీరే. ఎవరు రాజైనను తలుపు తీయువాడు తెలుగువాడేయన్న విషయమును ఆ కాలపు చరిత్రగ్రంథములు అంతగా గౌరవింపలేదు గాని, ఈ కథ ముగింపు వారి చేతిలోనే యున్నది.

కోటలోని అసంతుష్టులు, ముస్తఫాఖానుడు, సలాబతుఖానుడు మొదలైనవారు, విజయనగరమునకు లేఖలు పంపిరి. ఏడేండ్లుగా తనను జ్ఞప్తికి దెచ్చుకొనని యిల్లు ఇప్పుడు పిలుచుచున్నది. ఇబ్రహీము తొందరపడినట్లు కనబడదు. అన్న జీవించియుండగా విజయనగర బలముతో ఒక్కసారియైనను గోలకొండపైకి వచ్చుటకు యత్నింపనివాడు, అన్న పోయిన తరువాతను పిలుపు వచ్చువఱకు కదలలేదు. కదలునప్పుడు మఱియొక చిక్కు. రామరాయలు తన తమ్ముడగు వేంకటాద్రితో పెద్ద సేనను తోడుపంపెదనని ముందుకు వచ్చెను. నిరాశ్రయునకు ఇంతకంటె కావలసినదేమి? కాని ఆ సేనతో ఇల్లు చేరినవాడు ఇంటి యజమాని కాడు, రాయల మనుష్యుడు. అనుచరుల హితవు విని ఇబ్రహీము ఆ సాయమును వినయముగా నిరాకరించెను. బీదరులో నేర్చిన పాఠమును విజయనగరములో ఉపయోగించుకొన్నాడని నా యభిప్రాయము.

కృష్ణకుత్తరమున పానగల్లు సీమలో అడుగిడగానే సర్దారులు వచ్చి కలసికొనిరి; ముస్తఫాఖానుడు చేరెను. కోయిలకొండలో నాయకవాడీలు అతనిని ప్రభువుగా నంగీకరించిరి. వారి విశ్వాసప్రమాణము 1550 నాటి తెలుగుశాసనముగా ఆ కోటలో చెక్కబడినది. తండ్రి స్వాతంత్ర్యమును చెప్పక దాచెను, అన్న నేరమును చెప్పక దాచెను. ఆ యింటివారి విషయమున తొలిసారిగా నొక మాట తేటగా, ఊరివారి భాషలో, పదిమంది చూచు చోట శిలకెక్కినది. అది వ్రాసినవారు ఇంటివారు కాకుండుట గమనింపవలెను.

అతని నెదిరించుటకై సైఫుఖానుడు కోట వెడలగానే, లోపలి నాయకవాడీలు తిరుగబడి, చెఱలోనున్న జగదేవరావును విడిపించి, కోటను వశపఱచుకొని, తాళములను ఇబ్రహీమునకు పంపిరి. సైఫుఖానుడు రాజ్యము విడిచి పాఱిపోయెను. 1550 జూలై 27న ఇబ్రహీము గోలకొండలో ప్రవేశించెను. కోయిలకొండ నుండి వచ్చువాడు కావున, నేటి రాజేంద్రనగరము, షంషాబాదులున్న దక్షిణపు వైపునుండియే ఆ కొండ అతనికి మొదట కనబడియుండవచ్చును. విదేశములలో ఏండ్లు గడపి, ఇంట ఆస్తితగవు ఎదురుచూచుచుండగా షంషాబాదులో దిగు నేటివారికి అతని మనస్సు కొంత అర్థమగును. కొంతయే, ఏలయన వారి తగవులు కోర్టులలో తీరును.

వచ్చినవాడు ముప్పది యేండ్లు పాలించెను. పట్టణము చుట్టును రాతిప్రాకారమును లేపెను. మక్కాదర్వాజా శాసనము హిజ్రీ 967, అనగా 1559వ సంవత్సరమును తెలుపుచున్నది. తండ్రి లోపలివాని చేతిలో చచ్చిన ఊరిలో కుమారుడు వెలుపలివారికై గోడ కట్టుట కొంత విపరీతముగా తోచును. మూసీపై 1578లో వంతెన కట్టించెను. దాని దాటియే తరువాత అతని కుమారుడు హైదరాబాదు నిర్మించెను. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును అతనికి కృతి యిచ్చెను. అతని అధికారియు పటాన్‌చెరువు ప్రభువునగు అమీనుఖానునకు పొన్నెగంటి తెలగనార్యుడు యయాతిచరిత్రమను మొదటి అచ్చతెలుగు కావ్యమును అంకితము చేసెను. తెలుగువారికి ఇబ్రహీము ప్రియుడగుటకు ఇవి చాలును. చాలునని మనవారు తృప్తిపడి, అతనిని ఇల్లు చేర్చినవారు తరువాత నేమైరో అడుగుట మానివేసిరి.

జగదేవరావు మొదట గొప్ప అధికారమున నుండెను. కొలది యేండ్లలో, ఇబ్రహీమును దించి మరల దౌలతుఖానుని నిలుపజూచెనన్న ఆరోపణముపై అతడు పాఱిపోవలసివచ్చెను. బేరారునకు పోయి, అచ్చటను నిలువలేక, తుదకు విజయనగరము చేరి రామరాయల శరణు జొచ్చెను. కారాగృహము నుండి వెలువడి తాళములు పంపినవాడు, ఆ తాళములందుకొన్నవాని పాత దారిలోనే నడచెను. కోటలోని నాయకవాడీలు, రాజు లేని సమయమున కోటను పట్టుకొన కుట్ర పన్నిరన్న నెపమున దండింపబడిరి. వారి పెద్దయగు సూర్యారావు చంపబడెను. తలుపు తీయగలవాడు ఎవరికైనను తీయగలడన్న భయము ఆ రాజునకు పట్టుట ఆశ్చర్యము కాదు. తలుపు తనకై తెఱచుకొన్నప్పుడు అతడు లోపలికి వచ్చినవాడే గదా.

ఇక రామరాయలు. దక్కను సుల్తానులు నలుగురును ఏకమై విజయనగరముపై నడచినప్పుడు, 1565 జనవరి 23న కృష్ణానదికి చేరువలో రక్కసి, తంగడి గ్రామముల యొద్ద జరిగిన యుద్ధములో, గోలకొండ సేనను ఇబ్రహీము స్వయముగా నడపెను. ఆశ్రయమిచ్చిన వృద్ధుడు పట్టువడగా అతని తల నఱకించినవాడు అహమ్మదునగర ప్రభువగు హుసేను నిజాముషా, ఇబ్రహీము కాడు.